గడ్డను అమ్మేకంటే వడియాలు అమ్మడం మేలు
(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పాల సంఘాల సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠం)



ఉదయం పిండిన పాలు మధ్యాహ్నానికి విరుగుతాయి గనుకనే ఊళ్లో సంఘం కావలసి వచ్చింది. దుంపల సంగతీ అలాంటిదే. కర్రపెండలం తవ్విన రెండు మూడు రోజులకే లోపల నీలిచారలు పడి పాడవుతుంది. సామర్లకోట, పెద్దాపురం వైపు రైతుకు సగ్గుబియ్యం మిల్లులు దగ్గర. మన మెట్టకు అవి ఎంత దూరమో చెప్పనక్కరలేదు. ఆ గడ్డ వేయదలచినవారు ఊళ్లోనే సరుకు చేసుకునే దారి ముందు చూసుకోవాలి. గెనుసుగడ్డ మరికొన్నాళ్లు ఆగుతుంది గాని, అందరూ ఒకేసారి సంతకు తెస్తే బేరగాడు చెప్పిందే ధర.

మేము చిప్సుకంటే ముందు వడియాలనే సూచిస్తున్నాం. నూనె ఖర్చు లేదు, ఎండకు మనకు కొదవ లేదు. చెక్కు తీసి, పలుచగా తరిగి, ఉప్పునీళ్లలో ఉడికించి, గుడ్డమీద పెళపెళలాడేదాకా ఎండబెట్టాలి. పూర్తిగా చల్లారాకే సంచిలో కట్టాలి. తొందరపడి వేడిమీద కట్టి మా మొదటి విడత బూజు పట్టించుకున్నాం. గెనుసుగడ్డలో తీపి ఎక్కువ. పెద్దమంటమీద వేయిస్తే నల్లబడి చేదెక్కుతుందని కొనేవారికి చెప్పండి.

వెన్నశాతం చూడకుండా పాలకు ధర కట్టం గదా! గడ్డలో మూడింట రెండు వంతులు నీరే. చెక్కు, పుచ్చు పోగా కిలో వడియాలకు నాలుగు కిలోల గడ్డ పట్టవచ్చు. దానికి కట్టెలు, సంచులు, ఆడవారి కూలి కలపాలి. ఇంటిపనికి కూలేమిటనే పెద్దలున్నారు. మేము ఒప్పుకోం. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో లిజ్జత్ అప్పడాలు మొదలుపెట్టారు. అక్కడ ఒత్తిన చేతికి కూలి ముడుతుంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఇంట్లో చేసి అమ్మేవారూ నమోదు కావాలి, మరువకండి.

ఇక పశువుల మాట. గెనుసు తీగ గేదెలకు మంచి మేత. కర్రపెండలం పచ్చి ఆకు, పచ్చి చెక్కు మాత్రం వేయవద్దు. వాటినుంచి సయనైడు విషం పుడుతుంది. చెక్కును దొడ్లో పారవేయక, పశువుకు అందనిచోట పూడ్చండి. మనం తినడానికీ చేదు రకం వద్దు. వడియాల రాబడి ఎంతైనా, పాలిచ్చే గేదె పోతే ఆ లోటు పూడదు.

గడ్డ తవ్వే రోజుల్లో సంఘానికి ఒక ఇంట పది కిలోలతో చేసి చూడండి. ఎంత గడ్డకు ఎంత సరుకు వచ్చిందో, ఎంతకు అమ్మారో పాలపుస్తకం చివరి పేజీలో రాసి సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. ధర ఎంత పెట్టాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.