మన లాప్‌టాప్‌లో బిల్డ్ అయింది, రోబో దగ్గర ఎందుకు ఆగింది?

మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండేది లైనక్స్ కెర్నలే కదా. దానికి కొత్త నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ రాసినవాళ్లు కోడ్ బాగానే రాస్తారు, కేకాన్ఫిగ్ ఫైలు దగ్గర దొరికిపోతారు.

అందులో వై అంటే కెర్నల్‌లోనే కలిసిపోతుంది, ఎం అంటే విడి మాడ్యూల్, ఎన్ అంటే అసలు ఉండదు. ఇప్పుడు మీ డ్రైవర్ వై, అది టైమ్ కోసం పిలిచే పీటీపీ క్లాక్ ఎం అనుకోండి. మాడ్యూల్ ఎప్పుడో తర్వాత లోడ్ అవుతుంది, మరి లింకర్‌కి ఆ ఫంక్షన్ ఎక్కడ దొరుకుతుంది? 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని ఆగిపోతుంది. మీ ఒక్క డ్రైవర్ వల్ల అవతలివాళ్ల కెర్నల్ మొత్తం బిల్డ్ కాదు! మన దగ్గర రెండూ ఎం కాబట్టి తెలీదు. ఇంటెల్ వాళ్ల కెర్నల్ టెస్ట్ రోబో ర్యాండమ్ కాన్ఫిగ్‌లతో బిల్డ్ చేసి పట్టేస్తుంది.

చాలామంది వెంటనే 'సెలెక్ట్' రాసేస్తారు. నాకది నచ్చదు. అది ఎదుటి ఆప్షన్‌ని బలవంతంగా ఆన్ చేస్తుంది, దానికి కావాల్సినవి ఉన్నాయో లేదో చూడదు. ఇక్కడ రాయాల్సింది 'డిపెండ్స్ ఆన్ పీటీపీ_1588_క్లాక్_ఆప్షనల్'. పీటీపీ లేకపోయినా డ్రైవర్ బిల్డ్ అవుతుంది, పీటీపీ ఎం అయితే మాత్రం డ్రైవర్‌ని వై కానివ్వదు.

ప్యాచ్ పంపేముందు పీటీపీని ఎం చేసి మెనూ తెరవండి. మీ డ్రైవర్‌కి వై పెట్టనివ్వకపోతే లైన్ పనిచేస్తున్నట్టే.