యుద్ధం ఎక్కడ జరిగినా బిల్లు మన చేతికే

(అశ్వారావుపేట ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. అడవి అంచున ఉన్నోళ్లం, మనకెందుకన్నారు. మన తాతలు అలా అనుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఖమ్మం నిజాం రాజ్యంలో, భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1942లో బర్మా జపాన్ చేతికి పోయి అటు వైపు బర్మా బియ్యం ఆగింది. ఇటు నిజాం సర్కారు లెవీ పేరుతో రైతుల ధాన్యం కొలుచుకుపోయింది. ఆ లెవీ మీద తిరగబడే మన రైతు ఉద్యమం బలపడింది.

ఇప్పుడు లెవీ లేదు. యుద్ధం ఎరువు బస్తాతో వస్తోంది.

2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. పొద్దుతిరుగుడు నూనె రాక దెబ్బతింది. ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది. మన గెలల ధర టన్నుకు 20 వేలు దాటింది. సంతోషపడ్డాం. మరుసటి ఏడాదికి అది 13 వేల చుట్టుపక్కలకు పడింది. ఇటు వెయ్యి దగ్గరున్న పొటాష్ బస్తా 1,700 అయింది. గెల ధర దిగినట్టు అది దిగలేదు. పామాయిల్‌కు పొటాష్ ఎక్కువ కావాలి. మన దేశమేమో పొటాష్‌కు రష్యా, బెలారస్, కెనడా లాంటి దేశాల మీదే ఆధారపడింది.

అదే ఏడాది జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. పొలం మునిగితే వేసిన మందు పోతుంది, పైమన్ను పోతుంది. మళ్లీ యుద్ధం ధరకే కొనాలి. అందుకే వాగు ఒడ్డున చెట్టు, చేను గట్టు, పైనున్న అడవి కూడా మన పెట్టుబడికి కాపలాయే.

2025 వానాకాలంలో యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టాం. ఇక్కడ తయారయ్యే యూరియాకూ గ్యాస్ చాలావరకు బయటి నుంచే రావాలి. ఖతర్ గ్యాస్ ఓడలు హర్మూజ్ జలసంధి దాటాలి. అక్కడ తుపాకీ పేలితే ఇక్కడ నాటు మడికి మందు ఉండదు.

మరి మన చేతిలో ఏముంది? ఉంది. ఫ్యాక్టరీకి టన్ను గెలలు తోలితే పండ్లు రాల్చాక దాదాపు ఐదో వంతు ఖాళీ గెలలే మిగులుతాయి. వాటిలో పొటాష్ దండిగా ఉంటుంది. కాల్చినా బూడిదలో ఉంటుంది. అది మన నేల సత్తువే. గెలలు తోలిన ట్రాక్టర్ ఉత్తగా తిరిగి రావద్దు, ఖాళీ గెలలు వేసుకుని రావాలి. ఇది మన మొదటి డిమాండు కావాలి. నరికిన మట్టలు కాల్చకండి, వరుసల మధ్య పరచండి. వరి మడిలో జీలుగ, జనుము కలియదున్నండి. లేత తోటలో కంది, పెసర వేయండి. ఓడలు ఆగినా ఇంట్లో పప్పు ఉంటుంది.

ఇక సర్కారుతో మన లెక్క. ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 2024 సెప్టెంబరులో 27.5 శాతానికి పెంచారు, 2025 మే చివరికే 16.5 శాతానికి దించారు. మొక్క పెట్టినవాడు పాతికేళ్లు కట్టుబడాలి, సుంకం ఏడాదైనా నిలవదా? గిట్టుబాటు ధర గ్యారంటీ కావాలి. దుక్కికి ముందే సొసైటీల్లో ఎరువు నిల్వ ఉండాలి. పాస్‌పుస్తకం లేని కౌలు రైతుకూ, పోడు రైతుకూ బస్తా అందాలి.

యుద్ధాన్ని మనం ఆపలేం. మన తోట నుంచి పోయిన పొటాష్‌ను తిరిగి తెచ్చుకోగలం. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి నుంచి ఎన్ని టన్నుల గెలలు పోయాయో రాసుకుని రండి. ఆ కాగితాలు పట్టుకునే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోదాం.