మదనపల్లె ఎవరితో ఆడవలెను?

విశ్వవిద్యాలయముల క్రీడాపోటీల ఫలితములను వార్తలలో చదువునప్పుడు మేము "శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము గెలిచినది" అని ఒక్క వాక్యముతో ముగింతుము. ఆ జట్టులో ఒకడు మదనపల్లెవాడు కావచ్చును, మరియొకడు పుంగనూరువాడు కావచ్చును. ఆ మాట చెప్పుటకు వార్తలలో వ్యవధి ఉండదు. ఆ ఊళ్లలో రేడియో ముందు కూర్చున్నవారు మాత్రము ఆ పొడుగాటి పేరులో తమ ఊరిని వెదకికొందురు. అందుచేత ఈ ప్రసంగమున ఆ ఒక్క వాక్యమును కొంచెము విప్పి చెప్పదలచితిమి.

కళాశాలల మధ్య క్రీడాస్పర్ధ అనగానే చదువుకొన్నవారికి థేమ్సు నదిపై 1829లో మొదలైన ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల పడవపందెము స్ఫురించును. అమెరికాలో హార్వర్డు, యేల్ కళాశాలలు 1852లో అట్టి పందెమే వేసికొన్నవి. వీరందరును తమ ప్రత్యర్థిని తామే ఎంచుకొన్నవారు. మన కళాశాలలకు ఆ స్వేచ్ఛ లేదు. ఒక కళాశాల ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యున్నదో ఆ విశ్వవిద్యాలయపు తక్కిన కళాశాలలే దానికి ప్రత్యర్థులు. మొదట కళాశాలలు తమలో తాము తలపడును. అందు రాణించినవారిని ఏరి విశ్వవిద్యాలయము తన జట్టును కూర్చును. ఆ జట్టు దక్షిణ మండలపు పోటీలకు పోవును. అక్కడ ఓడినవారు ఇంటికి పోవు నాకౌట్ పద్ధతిన చాల జట్లు రాలిపోగా, మిగిలిన నాలుగును ఒకదానితో ఒకటి లీగు పద్ధతిన ఆడుట పరిపాటి. ఇన్ని మెట్లకును పునాది అనుబంధపు కాగితమే. ఆ కాగితముపై ముద్ర మారినచో నిన్నటి ప్రత్యర్థి నేడు పరాయివాడగును.

ఈ సంగతి మదనపల్లెకు తెలిసినంతగా మరి యే ఊరికిని తెలిసియుండదు. అనిబీసెంటమ్మ అక్కడ 1915లో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పినప్పుడు అది మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద ఉండెను. గంజాము మొదలు తిరునల్వేలి వరకు గల కళాశాలలన్నియు ఆ గొడుగు క్రిందివే. 1898 నాటి వేలూరు ఊరీసు కళాశాలయు, 1916లో వెలసిన అనంతపురపు కళాశాలయు మదనపల్లెకు ఇరుగుపొరుగులు. ఇంతలో హోంరూలు ఉద్యమము వచ్చినది. 1917లో బీసెంటమ్మను ప్రభుత్వము నిర్బంధించినది. విద్యార్థులు ఉద్యమమున పాల్గొనిరని మదనపల్లె కళాశాల అనుబంధము పోయినది. అప్పుడది అడయారున వెలసిన జాతీయ విశ్వవిద్యాలయమున చేరినది. దానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లెకు వచ్చి, తన "జనగణమన" గీతమును ఆంగ్లమున వ్రాసి ఇచ్చుటయు, ఆచార్యుడు జేమ్సు కజిన్సు సతీమణి మార్గరెట్టు దానికి స్వరము కూర్చుటయు లోకవిదితము. ఆ కథను మా స్టేషన్లే అనేక పర్యాయములు వినిపించినవి. అయితే అదే కథకు మైదానమున మరియొక ముఖము కలదు. అనుబంధము పోయిన కళాశాలకు పట్టములతోపాటు పోటీలును పోవును. జాతీయ గీతపు స్వరమును చేకొన్న ఆ ప్రాంగణమునకు ఆ కాలమున మద్రాసు విశ్వవిద్యాలయపు పందెములలో చోటు లేకుండెను. దేశభక్తికి చెల్లించిన మూల్యములలో ఇది చిన్నదే కావచ్చును. ఇరువది యేండ్ల పడుచువానికి మాత్రము అది చిన్నది కాదు.

తరువాత కళాశాల తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరినది. ఆ రోజులలోనే అఖిల భారత స్థాయిన విశ్వవిద్యాలయముల పోటీలు రూపు దిద్దుకొన్నవి. బొంబాయి పురవాసి బారియా అను నాయన, గతించిన తన కుమారుడు రోహింటన్ స్మృత్యర్థము 1935లో క్రికెట్టునకు ఒక ట్రోఫీ నిచ్చెను. అన్ని ఆటలలోను కలిసి మిన్నయైన విశ్వవిద్యాలయమునకు మౌలానా ఆజాదు పేరిటి ట్రోఫీ 1956-57 నుండి ఈయబడుచున్నది. ఆ ట్రోఫీ తరచుగా పంజాబు దేశమునకే పోవుట చూచి మనవారు నిట్టూర్చుట గలదు.

రాయలసీమకు తన విశ్వవిద్యాలయము కావలెనన్న కోరిక పాతది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలెనన్న మాట కలదు. తుదకు 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. విచిత్రమేమనగా, అమెరికాలో హార్వర్డు మొదలగు ఎనిమిది విశ్వవిద్యాలయములు ఐవీ లీగు అను పేర క్రీడలకై కట్టుబాటు చేసికొన్నదియు 1954లోనే. ఆ ఎనిమిదియు నేటికిని ఆ ఎనిమిదియే. తండ్రి ఓడిన జట్టుతోనే కొడుకును ఆడును, మనుమడును ఆడును. పంతము పాతబడుటకు కావలసిన కాలము వారికి దొరికినది.

మనకును ఒక తరము కాలము అట్టి భాగ్యము దొరికినది. మద్రాసు పెత్తనము తొలగి తిరుపతి, మదనపల్లె, అనంతపురము, కడప, కర్నూలు, నెల్లూరు అన్నియు ఒకే పందిరి క్రిందికి వచ్చినవి. మా దృష్టిలో మన సీమకు నిజమైన క్రీడాకూటమి అనదగినది అదే. పందెములో తలపడిన ఊళ్లు సంతలోను, పెండ్లిళ్లలోను తలపడు ఊళ్లే. తరువాత 1981లో అనంతపురమున శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1983లో తిరుపతిలోనే మహిళలకు పద్మావతి విశ్వవిద్యాలయము వచ్చుటతో ఒకే ఊరిలోని రెండు ప్రాంగణముల బాలికలు వేర్వేరు జెండాల క్రింద నిలిచిరి. 2006లో కడపయు, 2008లో నెల్లూరు, కర్నూలును వేరు కాపురములు పెట్టినవి. చదువునకిది మేలే, కాదనువారు లేరు. ఆటకు మాత్రము పందిరి చిన్నదైనది. అనంతపురముతో మదనపల్లె నేడు నేరుగా తలపడదు. దాని బిడ్డలు తిరుపతి జట్టులో చేరి దక్షిణ మండలమున తలపడవలెను, అదియు చీటీ కలిసివచ్చిననే.

కుప్పము సంగతి మరింత చిత్రమైనది. మద్రాసు నుండి బెంగుళూరు పోవు రైలుమార్గమున ఆ ఊరున్నది. తమిళము, కన్నడము, తెలుగు ఒకే అంగడిలో వినవచ్చును. తిరుపతి కంటె బెంగుళూరే దానికి దగ్గర. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. కనుక కుప్పము నేడు ఎవరికిని అనుబంధము కాదు, తానే ఒక జట్టు. అయితే అదే ఊరి ఇంజనీరింగు కళాశాల అనంతపురపు సాంకేతిక విశ్వవిద్యాలయపు కోవలోనిది. అచటి వైద్యకళాశాల విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు చెందినది. ఒకే వీధిలో పెరిగి, సాయంకాలము ఒకే వలకు ఇరుప్రక్కల వాలీబాలు ఆడిన ముగ్గురు స్నేహితులు మూడు చదువులలో చేరినచో, మూడు విశ్వవిద్యాలయముల చొక్కాలు తొడిగికొందురు.

ఇక పుంగనూరు. ఆ పేరు వినగానే లోకమునకు పొట్టి ఆవు గుర్తుకు వచ్చును. ఆ ఊరికి రైలు లేదు. మదనపల్లెకు ఉన్న స్టేషనైనను ఊరికి దూరముగా చిన్నతిప్పసముద్రమున ఉన్నది. మదనపల్లెకు పుంగనూరు కూతవేటు దూరమేమియు కాదు గాని, బస్సులో అరగంటకు కొంచెము మించిన ప్రయాణము. అందుచేత పుంగనూరు పిల్లలు కొందరు తమ ఊరి ప్రభుత్వ కళాశాలలో చదువుదురు, కొందరు మదనపల్లెకు పోవుదురు. ఈ రెండు ఊళ్ల మధ్య పంతము మాత్రము ఏ విశ్వవిద్యాలయపు ఉత్తరువునకును లోబడలేదు. చెడుగుడు కూత పెట్టుటకు అనుబంధపు కాగితము అక్కరలేదు కదా! బాల్ బ్యాడ్మింటనుకు కావలసినదియు చదునైన మట్టినేల, ఉన్నితో చుట్టిన పసుపుపచ్చని బంతి, అయిదుగురు మనుష్యులు. కొండగాలి వీచు ఈ పీఠభూమిలో ఆ తేలిక బంతిని అదుపున పెట్టుట నేర్చినవానిని మైదానపు ఊళ్లవారు తేలికగా ఓడింపలేరని మా నమ్మకము.

విశ్వవిద్యాలయములు విడిపోయిన మాత్రమున ఇరుగుపొరుగు ఊళ్ల కళాశాలలు ఏటేట కలిసి ఆడరాదను నియమము మాకెచ్చటను కనిపించలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము కళాశాలలు ఏ ముద్ర క్రింద నున్నను, ఏడాదికొక వారము ఒకచోట చేరి ఆడుకొనవచ్చును. దానికి వలయునది ఒక మైదానము, బస్సు ఖర్చులు, పట్టుదల గల ఇద్దరు ముగ్గురు వ్యాయామోపాధ్యాయులు.

అంతవరకు మదనపల్లెయు కుప్పమును ఎదురెదురుగా నిలుచు మార్గము ఒక్కటే. దక్షిణ మండలపు పోటీలలో తిరుపతి జట్టునకు ద్రావిడ విశ్వవిద్యాలయపు జట్టుతో చీటీ పడవలెను. అట్లు పడిననాడు పుంగనూరులో ఒకే ఇంటి అన్న మదనపల్లెలో చదివి ఒక జట్టునను, తమ్ముడు కుప్పమున చదివి మరియొక జట్టునను ఉండుట అసంభవము కాదు. ఆ ఇంటివారు రేడియో పెట్టుకొని ఎవరి గెలుపు వినగోరుదురో మేము చెప్పజాలము. ఫలితము మాత్రము తప్పక చదువుదుము, ఈసారి ఊరి పేరుతో సహా.