చింతగింజలతో నీటి పాఠము
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సండేస్కూలు ఉపాధ్యాయుల కూటములో చేసిన ప్రసంగము)



పిల్లలకు ప్రకృతిని గూర్చి చెప్పుమనగానే మనము గోడకు ఒక పటము తగిలించి, చెట్లు నాటవలెను, నీరు వృథా చేయరాదు అని వల్లె వేయింతుము. పిల్లలు చక్కగా అప్పజెప్పుదురు, ఇంటికి పోయి మరచిపోవుదురు. ఎవరో చెడ్డవాడు చేసిన పని వలన నీరు పోయినదని ఆ పాఠము వారికి తోపించును. నిజమునకు మన ఊళ్ళలో బోరు ఎండుటకు చెడ్డవాడు అక్కరలేదు. ఎవరి లెక్క వారికి సరిగానే ఉండును, అందరి బోర్లూ ఎండును. ఈ సంగతి చెప్పిన దానికంటె ఆడించిన బాగుగా తెలియును.

ఆట ద్వారా బోధించుట మనకు కొత్త కాదు. వైకుంఠపాళి పటము మీద పాములు, నిచ్చెనలు గీసి మంచిచెడ్డలు నేర్పినది మన దేశమువారే. అమెరికాలో డెన్నిస్ మెడోస్ అను ఆచార్యుడు సముద్రములో చేపలవేటను గూర్చి ఇటువంటి ఆటనే తయారుచేసెను. మనకు సముద్రము దూరము గనుక మేము బోరును ఎన్నుకొంటిమి.

ఒక గిన్నెలో 40 చింతగింజలు పోయవలెను. అది భూగర్భజలము. ఐదుగురు పిల్లలు రైతులు. వరి వేసినవాడు 3 గింజలు తీసుకొనును, 6 మార్కులు పొందును. కంది వేసినవాడు ఒక గింజ తీసుకొనును, 3 మార్కులు పొందును. ఏటేట వానకు 8 గింజలు తిరిగి గిన్నెలో పడును. మాట్లాడుకొనరాదు. మొదటి ఆటలో ఐదుగురూ వరియే వేయుదురు. మేము ఆడించిన ప్రతిచోట అట్లే జరిగినది. ఐదవ ఏట గిన్నెలో మిగులునవి 12, కావలసినవి 15. ఒకనికి నీరు లేదు. ఆరవ ఏట ఇద్దరికే నీరు. అప్పుడొక పిల్లవాడు, “సార్, నేనేం తప్పు జేసిన? అందరేసిందే నేనూ ఏసిన” అనును. పాఠము అక్కడ మొదలగును.

రెండవ ఆటలో మాట్లాడుకొననీయవలెను. ఏడాదికి ఒక్కరు వరి, నలుగురు కంది వేసిన 7 గింజలు చాలునని వారే లెక్క తేల్చుదురు. ఇక మిగిలినది, ఆ ఒక్కరు ఎవరు? వంతులు వేసికొనుటకు పెద్దలు తీసుకొనునంత కాలము పిల్లలు తీసుకొనరు.

ఆరవ పిల్లను మరువవద్దు. ఆమెకు భూమి లేదు. వరి రైతు దగ్గర 2, కంది రైతు దగ్గర 1 మార్కు కూలి వచ్చును. మన సంఘములలో అనేక కుటుంబములు ఈ స్థితిలోనివే గదా! మేము ఆడించినచోట ఒక పాప, “కందేస్తే మాకు నాట్లెక్కడివి?” అని గట్టిగా అడిగినది. బోర్లు ఎండిన ఏట మొదట ఖాళీయైనది కూడ ఆమె చేయియే. ఆమెను విడిచి ఆడించిన ఆట అబద్ధపుటాట అని మా అభిప్రాయము.

మూడు పట్టణముల నీరు మూడు విధములు. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు, బోర్లు; మిర్యాలగూడ, కోదాడలకు 1967లో నీరు వదలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ. కాలువ ఊళ్ళవారు మరొక ఆట ఆడించవలెను. పిల్లలను వరుసగా నిలిపి గింజల పళ్ళెమును మిర్యాలగూడ కొసన ఇచ్చి, ఇష్టము వచ్చినన్ని తీసికొని క్రిందికి అందించుమనవలెను. చివర నిలిచినవానికి వట్టి పళ్ళెమే చేరును. తరువాత వరుసను తిరుగవేయండి. కడపటివాడు మొదటివాడైనపుడు వాడేమి చేయునో చూడండి. కొందరు దయ చూపుదురు, కొందరు బాకీ తీర్చుకొందురు.

పెద్దలతో ఈ పని జరిగినది. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ వారు పనిచేయు ఆంధ్రప్రదేశ్ పల్లెలలో రైతులచే ఇటువంటి పంటల ఆట ఆడించిరి. 2018లో వెలువడిన పరిశోధనా వ్యాసము ప్రకారము, మాట్లాడుకొనుట వలన మొదటి ఏడు ప్రయోజనము కనబడలేదు, రెండవ ఏడు కనబడినది. ఆడిన ఊళ్ళలో నీటి లెక్కల పుస్తకములు, కట్టుబాట్లు పెట్టుకొన్నవి ఇతర ఊళ్ళకంటె ఎక్కువ. ఆటతోనే భూగర్భజలము నిలువదని కూడ వారే వ్రాసిరి. గనుక ఒక్క వేసవిలో ఆడించి విడువవద్దు. అంతకు పూర్వమే, పాత నల్లగొండతో కలిపి ఏడు జిల్లాలలో, రైతులు తామే బోర్ల నీటిమట్టము కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటిపద్దు వేసికొను పథకము నడిచినది. ఆ రైతులు మీ ఊరిలో ఉన్నచో పిల్లల యెదుటికి పిలువండి.

వాక్యము కొరకు ఆదికాండము 26వ అధ్యాయము చాలును. ఇస్సాకు పనివారు త్రవ్విన బావులకు ఏశెకు, శిత్నా అని జగడపు పేర్లు, పోట్లాట లేని బావికి రహెబోతు అని పేరు కలిగెను. దీనిని ఆటకు ముందు చదువవద్దు. ముందే చదివిన, పిల్లలు మనలను మెప్పించుటకు కంది వేయుదురు.

గంట సమయములో ఆటకు అరగంట, మాటకు అరగంట. తల్లిదండ్రులను తప్పుపట్టు మాట రానీయవద్దు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది, వరిని కొను మిల్లులు మిర్యాలగూడలోనే యున్నవి. తండ్రి వరి వేయుటకు కారణములున్నవి, వానిని పిల్లలే ఇంట అడిగి వచ్చి చెప్పవలెను.

గింజలు బజారులో కొననక్కరలేదు. చింతపండు కొట్టు రోజులలో ఒక సంచెడు ఎండబెట్టి దాచిన, వేసవి బైబిలు పాఠశాలకు సరిపోవును.