చెయ్యి పోయిన రైతుకు బీమా ఏది?
(మధురానగర్‌లో రైతు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, ఎరువుల గురించి, కరెంటు గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు మన ఇళ్లలో ఉండి కూడా మన సభలకు రాలేని మనుషుల గురించి మాట్లాడుకుందాం. నూర్పిడి మిషన్‌లో చెయ్యి పోగొట్టుకున్నవాళ్లు, మోటారు దగ్గర షాక్ కొట్టి కాలు తీసేయించుకున్నవాళ్లు, తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాళ్లు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లు, పుట్టుకతోనే చెవులు వినపడని పిల్లలు, వాళ్లను కనిపెట్టుకుని ఉండే తల్లులు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో 1.86 కోట్ల మంది పల్లెల్లోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క 22 లక్షలు దాటింది. అంటే ఇది రైతు సంఘానికి సంబంధం లేని విషయం కాదు.

మనుషులు పల్లెల్లో ఉంటే, పెద్ద వైద్యం పట్నంలో ఉంది. ఈ మధురానగర్ చుట్టూ చూడండి. పంజాగుట్టలో నిమ్స్, వెంగళరావునగర్‌లో ఆరోగ్య కుటుంబ సంక్షేమ శిక్షణ సంస్థ, ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల. అన్నీ కూతవేటు దూరంలోనే. మారుమూల మండలం నుంచి వచ్చేవాళ్లకు మాత్రం ఒక్కో రాకడా ఒక రోజు కూలి, ఇద్దరి చార్జీలు, తోడు వచ్చిన మనిషి తిండి. ఉచిత వైద్యం అన్న మాటలో ఈ ఖర్చు ఎక్కడా లెక్కకు రాదు.

ముందుగా కాగితం సంగతి. అన్నిటికీ మొదటి మెట్టు సదరం సర్టిఫికెట్, ఇప్పుడు దాని స్థానంలో వస్తున్న యూడీఐడీ కార్డు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. తలసేమియా, సికిల్‌సెల్, హీమోఫిలియా, పార్కిన్సన్స్, ఆటిజం కూడా ఇప్పుడు అందులో ఉన్నాయి. కాలో చెయ్యో పోతేనే వికలాంగులు అని ఊళ్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ అపోహ వల్ల దరఖాస్తే పెట్టనివాళ్లు ఉన్నారు. 40 శాతం, ఆపైన ఉంటే చట్టం ఇచ్చే ముఖ్యమైన రక్షణలు వర్తిస్తాయి. శాతం తక్కువ వేశారని, సర్టిఫికెట్ నిరాకరించారని అనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు అదే చట్టంలో 59వ సెక్షన్ ఇచ్చింది. కాబట్టి "డాక్టరు రాసేశాడు, ఇక అంతే" అని తిరిగి రాకండి.

రెండోది పిల్లలు. పుట్టిన బిడ్డకు వినపడటం లేదని రెండేళ్లప్పుడు తెలిస్తే ఒక బతుకు, పదేళ్లప్పుడు తెలిస్తే ఇంకో బతుకు. చిన్నప్పుడే మెదడు మాటను పట్టుకుంటుంది, ఆ వయసు దాటితే చాలా కష్టం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. లోపం కనిపిస్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. చెవిలో అమర్చే కాక్లియర్ పరికరం ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. బడి ఈడు పిల్లలకు మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. తల్లిదండ్రులకు ఇంట్లో ఏం చేయాలో అక్కడ నేర్పుతారు. మీ ఊరి అంగన్‌వాడీకి ఆ బృందం చివరిసారి ఎప్పుడు వచ్చిందో అడగండి. అడిగే ఊరికే ఏదైనా అందుతుంది.

మూడోది నీళ్లు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. రాతి పొరల్లోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, చివరకు వెన్ను వంగుతుంది. వంగిన ఎముకను నిటారు చేసే మందు లేదు. మంచినీరే దానికి మందు. అందుకే నల్లా నీళ్లు ఆగిన ఊరు మళ్లీ బోరు వైపు చూస్తే, దాన్ని నీటి సమస్యగా మాత్రమే కాదు, ఆరోగ్య సమస్యగా కూడా పట్టించుకోవాలి.

ఇక నాలుగోది, మన కడుపు మండే విషయం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచిదే. కానీ అదే రైతు బతికి, రెండు కాళ్లూ పోగొట్టుకుంటే? రైతుబీమాలో ఒక్క రూపాయి రాదు. కౌలురైతుకు అయితే చనిపోయినా రాదు, పట్టా లేదు కాబట్టి. వైద్యానికి అప్పు, ఆగిన సాగు, మంచాన పడ్డ మనిషి, ఆయన్ను చూసుకోవడానికి కూలి మానేసిన భార్య. ఆ ఇంటికి ఖర్చు తగ్గలేదు, పెరిగింది. చావుకు ఉన్న బీమా బతుకుకు లేకపోవడం ఏం న్యాయం?

ఈ లోటు పూర్తిగా తీరకపోయినా, ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారెవరైనా చేరవచ్చు, పట్టాతో పనిలేదు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు లేదా రెండు కాళ్లుచేతులు పూర్తిగా పోయినా 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చెయ్యి లేదా ఒక కాలు పోతే లక్ష. జూన్ 1 నుంచి మే 31 దాకా ఒక ఏడాది లెక్క. మే నెలాఖరున ఖాతాలో 20 రూపాయలు లేక పాలసీ ఆగిపోకుండా చూసుకోవాలి. ప్రమాదం జరిగితే ఆస్పత్రి కాగితాలు, పోలీసు రిపోర్టు పారేయకుండా దాచండి.

కాలు పోయినవాళ్లు దిగులుపడి మూలన కూర్చోవద్దు. 1968లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన జైపూర్ కాలు మన పనికి తగ్గట్టు తయారైంది. దాంతో గొంతుకూర్చోవచ్చు, చెప్పులు లేకుండా నడవచ్చు, మడిలో దిగవచ్చు. కాలు పెట్టించుకోవడమే కాదు, నడక నేర్పే ఫిజియోథెరపీ పూర్తయ్యేదాకా తిరగాలి.

నిమ్స్‌కు వచ్చేవాళ్లకు ఒక మాట. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే మియాపూర్ వైపు మెట్రో ఎక్కి నేరుగా ఎర్రమంజిల్‌లో దిగవచ్చు. ఎర్రగడ్డ కూడా అదే లైను. మధురానగర్‌కు రావాలంటే అమీర్‌పేటలో రాయదుర్గం వైపు రైలు మారాలి, తర్వాతి స్టేషనే. స్టేషన్లలో లిఫ్టు ఉంటుంది. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు వెంట ఉంచుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు.

మా తర్వాత ఈ బిడ్డ గతేమిటి అని ప్రతి తల్లీ అడుగుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక కూడా చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించే వీలు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. జిల్లాలో కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో రెండెకరాలుంటే ఈ పని మరీ ముఖ్యం. ఆ బిడ్డ వాటా ఎవరి చేతిలోకి పోతుందో తల్లిదండ్రులు బతికుండగానే తేల్చాలి. అదే ట్రస్టు కింద నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది.

చూసుకునేవాళ్లకూ ప్రాణముంది. రాత్రీ పగలూ మంచం పక్కనే ఉండే ఆడమనిషికి నడుం నొప్పి, నిద్రలేమి, దిగులు. మనసు బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. 2022లో వచ్చిన టెలీమానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

ఇక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000, పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000. తెలంగాణలో 2023లో 4,016 అయింది. దాన్ని ఆరు వేలు చేస్తామని అదే ఏడాది ఎన్నికల్లో మాట ఇచ్చారు. కేంద్రం 2012లో పెట్టిన వాటా నెలకు 300 రూపాయలు, అదీ 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే. వికలాంగులను దివ్యాంగులని పిలిచినంత మాత్రాన 300తో మందులు రావు.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. రైతుబీమాలో శాశ్వత వైకల్యాన్ని చేర్చాలి, కౌలురైతులకు, కూలీలకు వర్తింపజేయాలి. చట్టంలో 24వ సెక్షన్ చెప్పిన సంరక్షకుల భత్యం ఇవ్వాలి. 37వ సెక్షన్ ప్రకారం వ్యవసాయ భూమి పంపిణీలో 5 శాతం వికలాంగులకు, అందులో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. వైద్య బోర్డులు, ఫిజియోథెరపీ ఏరియా ఆస్పత్రుల దాకా రావాలి.

డిమాండ్ చేస్తూనే మన పనీ చేద్దాం. ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు తీసుకుని ఇంటింటికీ తిరగాలి. ఎవరికి సర్టిఫికెట్ ఉంది, ఎవరికి లేదు, ఎవరికి పింఛను ఆగింది, ఏ బిడ్డకు పరీక్ష జరగలేదు, ఎవరికి 20 రూపాయల బీమా లేదు, ఈ ఐదూ రాయాలి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలతోనే రండి. కలెక్టరేట్‌కు పోయేటప్పుడు ఆ పేర్లే మన చేతిలో ఉండాలి.