ముదునూరు దారి పట్టిన మేష్టారు

నలుగురితో నారాయణా అనడం తేలిక. అనలేనని చెప్పి కొలువులు పోగొట్టుకున్న మేష్టారొకాయన మన బందరులో ఉండేవారు: గోపరాజు రామచంద్రరావు గారు, అందరూ పిలిచే పేరు గోరా.

జంధ్యం తీసేస్తే కన్నతండ్రే ఇంట్లోంచి పొమ్మన్నారు. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ కాలేజీ, 1939లో బందరు హిందూ కాలేజీ ఆయన్ని తొలగించాయి. వృక్షశాస్త్రం చెప్పే మనిషి, పిల్లలున్న సంసారి. కాస్త సర్దుకుపోతే జీతం నిలిచేది. ఆయన మాత్రం ఉయ్యూరు దగ్గర ముదునూరు వెళ్లి 1940లో నాస్తిక కేంద్రం పెట్టారు.

నా మటుకు నాకు ఆయన కంటే ఆయన భార్య సరస్వతీ గోరా గారి తెగువే పెద్దదనిపిస్తుంది. మగవాడి మొండితనాన్ని లోకం ఎంతో కొంత ఓర్చుకుంటుంది. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని ఇంటిల్లిపాదీ తలుపులు బిగించుకునే రోజుల్లో, కడుపుతో ఉండి ఆవిడ బయటికొచ్చి తిరిగారు.

ఈ దంపతులు తమ పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావు గారికి ఇవ్వదలిచారు. సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి దగ్గరుండి జరిపిస్తానన్నది గాంధీజీ. ప్రమాణంలో దేవుడి మాటకు బదులు సత్యం అనేందుకూ ఆయన ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న గాంధీజీ హతులయ్యారు. పెళ్లి ఆగలేదు, మార్చిలో అక్కడే జరిగింది.

గోరాతో దేవుడి విషయంలో మీరు ఏకీభవించనక్కర్లేదు. గాంధీజీ కూడా ఏకీభవించలేదు.