సరిహద్దులెఱుగని పక్షి
(పఠనాలయ సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఆస్తికి హద్దులుండును, రాజ్యమునకు ఎల్లలుండును. న్యాయవాదుల శాస్త్రమంతయు వీనిపైననే నిలిచియున్నది. ఈ రెంటికిని లోబడని ప్రాణి యొకటి కలదు. అది సైబీరియా క్రౌంచము. మన పెద్దలు బెగ్గురు అని పిలిచిన పక్షికి ఇది దాయాది. తెల్లని మేను, ఎఱ్ఱని మొగము. ఓబ్ నదీ ప్రాంతపు చిత్తడి నేలలలో పుట్టి, కజక్‌స్థాన్, అఫ్గనిస్థాన్, పాకిస్తాన్ దేశముల మీదుగా సుమారు 5000 కిలోమీటర్లు ఎగిరి, శీతకాలమునకు రాజస్థానమందలి భరత్‌పూరు చెఱువులకు వచ్చెడిది. దారిలో ఒక్క దేశము తుపాకి యెత్తినను, తక్కిన దేశముల దయ యంతయు వ్యర్థమే. ఇట్టి పక్షికి వకాల్తా పుచ్చుకొనువారెవరు?

పుచ్చుకొనినవాడు జార్జి ఆర్చిబాల్డు. ఆయన 1946లో కెనడా దేశమున జన్మించెను. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున క్రౌంచములపై పరిశోధన చేసి, సహాధ్యాయి రొనాల్డు సావీతో కలిసి 1973లో అంతర్జాతీయ క్రౌంచ సంస్థను స్థాపించెను. విస్కాన్సిన్ రాష్ట్రమున సావీ కుటుంబమువారి గుఱ్ఱముల క్షేత్రమే వారి తొలి నివేశనము.

అమెరికా, సోవియెట్ రాజ్యములు ఒండొంటిపై అణ్వస్త్రములు గురిపెట్టియున్న కాలమది. అయినను 1972లో ఆ రెండు రాజ్యములును పర్యావరణ రక్షణమునకై యొక యొడంబడిక చేసికొనినవి. ఒడంబడిక కాగితము, దానిని పనిలోనికి దింపుటకు మనుష్యుడు కావలెను. సోవియెట్ శాస్త్రజ్ఞుడు వ్లాదిమీర్ ఫ్లింటు తోడ్పాటుతో, ఆ దశకము చివర సైబీరియాలో సేకరించిన గ్రుడ్లు విమానమెక్కి విస్కాన్సిన్ చేరినవి. అచట పొదిగింపబడి పిల్లలైనవి. ప్రభుత్వములు నమ్మని చోట ఇద్దఱు పండితులు ఒకరినొకరు నమ్మిరి.

అయినను ఈ కథలో జయమే యున్నదని చెప్పుట సత్యము కాదు. 1960 దశకమున భరత్‌పూరునకు 200 వరకు వచ్చిన క్రౌంచములు, ఏటేట తగ్గి, 2002లో కడసారి ఒక్క జంటగా కనిపించి, మరల రాలేదు. 1993లో ఈ పక్షి రక్షణమునకై అంతర్జాతీయ అవగాహన పత్రము సిద్ధమగునప్పటికే దారిలోని వేట దాని సంఖ్యను హరించియుండెను. ఇరాన్ దేశమునకు అనేక శీతకాలములు ఒకే యొక్క పక్షి వచ్చెను. అచటి జనులు దానికి ఓమీద్, అనగా ఆశ, అని పేరిడిరి. తూర్పు తెగ మాత్రము చైనాలోని పోయాంగ్ సరస్సు ప్రాంతమున వేలసంఖ్యలో మిగిలియున్నది. అచట నీరున్నది, తిండియున్నది.

దీనినుండి ఆర్చిబాల్డు గ్రహించిన పాఠము ముఖ్యమైనది. పక్షిని కాపాడదలచినవాడు రైతును విడువరాదు. ఉత్తర కొరియాలో అన్బ్యోన్ మైదానమున ఆయన సంస్థ రైతుల సేద్యమును బాగుచేయుటకు సాయపడెను. పంట పెరిగినచో పొలమున రాలు గింజ క్రౌంచమునకును దక్కునని ఆయన యెఱుగును. 2006లో ఆయనకు లభించిన ఇండియనాపొలిస్ బహుమానముకంటె ఈ యెఱుకయే గొప్పది.

ఇది మనకేల యందురా? మన కొల్లేరు 2002లో రామ్సార్ ఒప్పందపు జాబితాకెక్కినది. సరస్సు నాక్రమించిన చేపల చెఱువుల గట్లను 2006లో ప్రభుత్వము కూల్పించెను. కాని గట్టుపై బ్రతుకుచున్న పల్లెవానికి వేఱు బ్రతుకుదెరువు చూపక కూల్చిన గట్టు మరల లేవక మానునా? ఒప్పందము సంతకముతో ముగియదు. నీటియొద్ద నివసించువాని వంటయింటితో మొదలగును.

కావున నా కోరిక యొక్కటి. రాబోవు శీతకాలమున ఈ పఠనాలయ సభ్యులు కొల్లేటికి పోయి, గూడబాతులను జూచి సంతోషించి ఊరకుండక, అచటి జాలరులతో ఒక్క దినము కూర్చుండి వారి కష్టమును వినివచ్చి, మరల ఈ సభలోనే నివేదింతురు గాక.